ఐమాక్‌నని చెప్పుకున్న డబ్బా

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మేం అద్దెకున్న ఇంట్లో, మేడ మీద గదిలో, నా దగ్గర ఒక డబ్బా ఉండేది. 2018లో చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒక్కో భాగం ఒక్కో కొట్లో బేరమాడి కొని, పినాకిని రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చి బిగించుకున్న పీసీ. లోపల ఇంటెల్ ఐ5 8400 ప్రాసెసర్, దాని కింద బీ360 బోర్డు. కీబోర్డు మీద విండోస్ బొమ్మ కూడా ఉంది. అయినా ‘నువ్వెవరు’ అని అడిగితే మాత్రం తాను ఐమాక్ 19,1 అని చెప్పేది. 2019లో వచ్చిన 27 అంగుళాల ఐమాక్‌కి ఆపిల్ పెట్టుకున్న గుర్తు అది. నా డబ్బాకి ఆ అబద్ధం నేర్పింది నేనే.

దీన్ని హ్యాకింటాష్ అంటారు. ఆపిల్ తయారుచేయని కంప్యూటర్ మీద ఆపిల్ వాళ్ల మాక్ ఓఎస్ ఎక్కించడం. ఆ డబ్బా మీద కూర్చుని ఏడాదికి పైగా ఐఫోన్ యాప్ రాశాను, దానికి డబ్బు కూడా తీసుకున్నాను. ఈ మధ్య కావలిలో ఇంజనీరింగ్ చదువుతున్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, “అన్నా, నా ల్యాప్‌టాప్‌లో మాక్ ఎక్కుద్దా?” అని అడిగాడు. వద్దురా అన్నాను. “నువ్వు చేశావు గదా, నాకెందుకు వద్దంటున్నావ్?” అన్నాడు. వాడు అడిగినదాంట్లో తప్పేం లేదు. ఆ పూట తిన్నగా జవాబు చెప్పలేకపోయాను.

నాకు ఐఫోన్ మీద మోజేమీ లేదు. విడవలూరు దగ్గర రొయ్యల గుంటలున్న ఒక పెద్దాయనకి ఆండ్రాయిడ్‌లో చిన్న యాప్ చేసిచ్చాను. ఏ గుంటలో ఎన్ని కేజీల మేత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుంది, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతున్నాయా ఆగాయా, ఇవన్నీ గుంట దగ్గరుండే కుర్రాడు ఫోన్లో కొడితే ఆయన ఇంట్లో కూర్చుని చూసుకునేవాడు. వెనామీ రొయ్య వేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. రాత్రిళ్లు నీళ్లలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామే గండం. ఆ గంటలో కరెంటు పోయి, జనరేటర్ ఎత్తుకోకపోతే పంటంతా పైకి తేలుతుంది.

పెద్దాయన కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. గుంటల మీద పెట్టుబడి అతనిదే. “అబ్బయా, మావోడి ఫోన్లో గూడా కనపడేట్టు చెయ్యి” అన్నాడాయన. కొడుకుది ఐఫోన్. కథంతా అక్కడ మొదలైంది.

ఆండ్రాయిడ్ యాప్ రాయడానికి మామూలు కంప్యూటర్ ఉంటే చాలు. విండోస్ అయినా లైనక్స్ అయినా ఆండ్రాయిడ్ స్టూడియో ఎక్కుతుంది. గూగుల్‌కి ఒక్కసారి 25 డాలర్లు కడితే ప్లే స్టోర్ ఖాతా వస్తుంది. ఐఫోన్ సంగతి అలా కాదు. యాప్‌లు తయారుచేసే ఆపిల్ ప్రోగ్రాం ఎక్స్‌కోడ్ కావాలి, అది మాక్ మీదే నడుస్తుంది, మాక్ ఆపిల్ ఒక్కటే అమ్ముతుంది. ఆ పైన ఏటా 99 డాలర్లు. ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకీ యాప్ రాసుకునే ఫ్లటర్‌లోనో రియాక్ట్ నేటివ్‌లోనో అయితే కోడంతా విండోస్ మీద రాసుకోవచ్చు. కానీ చివర్లో దాన్ని ఐఫోన్ యాప్‌గా తయారుచేసి, డిజిటల్ సంతకం పెట్టి పంపాలంటే మళ్లీ ఎక్స్‌కోడ్ దగ్గరికే రావాలి.

మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దిన తరం నాది. పలక ఒక కొట్లో కొంటే బలపం ఇంకో కొట్లో కొనేవాళ్లం. పలక అమ్మినాయన “నా పలక మీద రాయాలంటే నా బలపమే కొనాలి, నేనమ్మే బల్ల మీదే కూర్చోవాలి, రాసింది నలుగురికీ చూపించాలంటే ఏటా నాకు ఇంత కట్టాలి” అని ఉంటే మా నాన్న ఏమనేవాడో నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఐఫోన్‌కి యాప్ రాసి ఆపిల్ ఫోన్‌కే విలువ పెంచుతున్నవాడి చేత ముందు ఓ కంప్యూటర్ కొనిపించడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. నా తమ్ముడికి వద్దన్నానంటే ఆపిల్ చేసింది న్యాయమని కాదు.

బెంగళూరులో ఉన్న నా స్నేహితుడు ఒకడు దీన్ని సూటిగా దొంగతనం అంటాడు. వాడి మ్యాక్‌బుక్ వాడు కొన్నది కాదు, ఆఫీసువాళ్లు చేతికిచ్చింది. జీతంతో పాటు వచ్చిన నీతి అది అని వాడితో చాలాసార్లు గొడవపడ్డాను. ఇంకోవైపు నాలాంటి కుర్రాళ్లు, “మాక్ ఓఎస్ ఉచితమే గదా, ఇంక దొంగతనం ఏంది?” అంటారు. 2013లో మావరిక్స్ అనే వెర్షన్ వచ్చినప్పటి నుంచి అది ఉచితమే, నిజం. కల్యాణ మండపంలో భోజనం కూడా ఉచితమే. పిలిచినవాళ్లకి.

నా పలక పోలిక కూడా ఇక్కడే కుంటుతుంది. మాక్ ఓఎస్ ఖర్చు మాక్ ధరలో కలిసి ఉంటుంది. ఆపిల్ ముద్ర ఉన్న కంప్యూటర్ మీద మాత్రమే దీన్ని ఎక్కించుకోవాలని లైసెన్సులో స్పష్టంగా రాసి ఉంది. ఫ్లోరిడాలో సైస్టార్ అనే కంపెనీ 2008లో మాక్ ఓఎస్ ఎక్కించిన మామూలు పీసీలు అమ్మింది. డిస్కులు మేం డబ్బిచ్చే కొన్నాం గదా అని వాదించింది. 2009 నవంబరులో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో ఓడిపోయింది, 2011లో అప్పీలులోనూ ఓడిపోయింది. డిస్కు కొన్నవాళ్లే నెగ్గలేదు, నేను కొన్నది కూడా ఏమీ లేదు.

ఇంతకన్నా నన్ను గుచ్చిన విషయం ఒకటుంది. ఇంటెల్ కాలం నాటి అసలు మాక్‌లో ఎస్ఎంసీ అని ఒక చిన్న చిప్ ఉంటుంది. ఫ్యాన్లు, పవర్ చూసుకోవడం దాని పని. అందులోనే ఒక తాళంచెవి కూడా దాచారు. ఫైండర్, డాక్ లాంటి ముఖ్యమైన ప్రోగ్రాములు డిస్కు మీద తాళం వేసి ఉంటాయి. ఆ చెవితో వాటిని విప్పే ముక్క పేరు ‘డోంట్ స్టీల్ మాక్ ఓఎస్ ఎక్స్’. చెవి కూడా మనం అనుకునేటట్టు పిచ్చి అంకెల దండ కాదు. ‘మా కష్టానికి ఈ మాటలే కాపలా, దయచేసి దొంగిలించొద్దు’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం, పదాల మధ్య ఖాళీలు తీసేసి అతికించింది. హ్యాకింటాష్‌లో వర్చువల్ ఎస్ఎంసీ అనే ప్రోగ్రాం ఆ చిప్ వేషం కడుతుంది. ప్రతి ఉదయం నా డబ్బా లేచినప్పుడల్లా ఆ బతిమాలే వాక్యాన్ని అప్పజెప్పి మరీ లోపలికి వెళ్లేది. అది తెలిసిన రోజు చిన్నతనంగా అనిపించింది. పని మాత్రం ఆపలేదు. పెద్దాయన అడ్వాన్సు ఇచ్చేసి ఉన్నాడు.

ఇక ఎక్కించిన కథ. రిచీ స్ట్రీట్‌లో గొప్పగా కొన్న ఎన్‌విడియా జీటీఎక్స్ 1050 టీఐ మొదటి రోజే పనికిరాదని తేలింది. 2017 నాటి మాక్ ఓఎస్ వెర్షన్ హై సియెరా వరకే ఆ కార్డుకి డ్రైవర్లున్నాయి, దాని తర్వాతి మొహావేకి లేవు. నాకు కావలసిన ఎక్స్‌కోడ్ 11కి కనీసం మొహావే ఉండాలి. కార్డు పీకి పక్కన పెట్టి, ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌తో సర్దుకున్నాను. దాంతో హెచ్‌డీఎంఐ తీగ పెడితే ఆపిల్ బొమ్మ వచ్చి, గీత సగం నిండి, తెర నల్లగా అయిపోయేది. కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క అంకె మార్చడం, రీస్టార్ట్, మళ్లీ నలుపు. మూడు రాత్రులు అదే వరస. నాలుగో రోజు తెల్లవారుజామున డెస్క్‌టాప్ కనిపించేసరికి మా ఆవిడని లేపి చూపించాను. “ఇందాకటి దానికీ దీనికీ తేడా ఏంది?” అంది. తెర మీద బొమ్మ మారింది తప్ప నిజంగానే ఆమెకి కనిపించే తేడా ఏం లేదు.

సౌండ్ సంగతి వదిలేయండి, అది లేకుండానే నెలన్నర గడిపాను. అసలు యాతన యూఎస్‌బీతో. ఒక కంట్రోలర్ మీద 15 పోర్టులకి మించి మాక్ ఓఎస్ గుర్తించదు. యూఎస్‌బీ 3 సాకెట్ పైకి ఒక్కటే అయినా లెక్కలో రెండు, పాతరకం తీగకి ఒకటి, కొత్తరకానికి ఒకటి. పైకి కనిపించనివి కూడా కలుపుకుని నా బోర్డులో లెక్క 15 దాటింది. దాంతో పరీక్షకని సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఐఫోన్ 7 ఛార్జ్ అయ్యేది, ఎక్స్‌కోడ్‌కి మాత్రం కనిపించేది కాదు. తీగ మార్చాను. ఫోనే తప్పేమో అని అమ్మిన కొట్టుకి తీసుకెళ్లి గొడవ కూడా పెట్టుకున్నాను, పాపం అతని తప్పేం లేదు. చివరికి ఒక్కో సాకెట్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తూ, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చీటీ మీద రాసుకుని, మ్యాప్ తయారుచేశాను. ఐఫోన్ పనిచేసే సాకెట్ పక్కన మా ఆవిడ బొట్టుబిళ్ల అంటించాను. ఆ తర్వాత నుంచి మా ఇంట్లో దాని పేరు ‘బొట్టు కంప్యూటర్’.

సంక్రాంతి దాటింది. ఇంకా రొయ్యల యాప్‌లో ఒక్క తెర కూడా ఐఫోన్ మీద రాలేదు. యాప్ రాయడం నేర్చుకుందామని కూర్చున్నవాణ్ణి, ఒక బోర్డు పొద్దున్నే ఎలా నిద్రలేస్తుందో నేర్చుకున్నాను. అది దండగ అని అనను. ఆ తర్వాత ఏ కంప్యూటర్ మొరాయించినా నాకు భయం పోయింది. కానీ పెద్దాయన నాకు డబ్బిచ్చింది దానికి కాదు.

ఇంటర్నెట్ విషయం కూడా చెప్పుకోవాలి. మేడ మీదికి అప్పటికి కేబుల్ నెట్ రాలేదు. ఫోన్ హాట్‌స్పాటే గతి, రోజుకి 1.5 జీబీ. ఎక్స్‌కోడ్ ఏడెనిమిది జీబీలు. అలాంటప్పుడు ఎవరో పెన్‌డ్రైవ్‌లో కాపీ ఇస్తానంటే చేయి చాపబుద్ధి అవుతుంది. నేనూ చాపేవాణ్ణే, కానీ 2015లో చైనాలో జరిగింది అప్పటికే చదివి ఉన్నాను. ఆపిల్ సర్వర్ల నుంచి డౌన్‌లోడ్ బాగా నెమ్మదిగా ఉండటంతో అక్కడి డెవలపర్లు కొందరు బైడూ క్లౌడ్‌లో ఎవరో పెట్టిన ఎక్స్‌కోడ్ దింపుకున్నారు. అందులో ఎక్స్‌కోడ్‌ఘోస్ట్ అనే దొంగ కోడు ఉంది. దానితో తయారైన ప్రతి యాప్‌లోకీ అది తనంతట తాను దూరింది. వాళ్లు రాసిన కోడ్‌లో తప్పు లేదు, పనిముట్టే విషం. వీచాట్ అంతటి యాప్‌కి కూడా అంటుకుంది. ఆపిల్ స్టోర్ నుంచి యాప్‌లు తీసేయాల్సి వచ్చింది.

అందుకే ఎక్స్‌కోడ్ మాత్రం ఆపిల్ దగ్గర్నుంచే దింపుకున్నాను, ఒక స్నేహితుడి ఆఫీసులో రెండు రాత్రులు కాపలా కాసి. కానీ నన్ను నేను అడగని ప్రశ్న ఇంకోటి ఉంది. ఎక్స్‌కోడ్ అసలుదే, దాని కింద నేల సంగతేంటి? నా డబ్బాలో మాక్ ఓఎస్‌ని నిద్రలేపే ఓపెన్‌కోర్ బూట్‌లోడర్ కోడు అందరికీ కనిపించేలా ఉంటుంది, దాన్ని రాసినవాళ్ల పనితనానికి దండం పెడతాను. అయినా మాక్ ఓఎస్‌కి గుండె లాంటి కెర్నల్‌లోకి చొరబడే ముక్కలు డజను పెట్టుకుని, ఆ పైన ఇంకొకరి పేరు మీద ఉన్న సంతకపు సర్టిఫికెట్ దాచుకున్నాను. ఆ సర్టిఫికెట్ టెక్సాస్‌లో ఉన్న కొడుకుది. 99 డాలర్లు అతనే కట్టాడు, ఖాతా అతని పేరు మీదే. అతని తాళంచెవులు నేను దాచిన ఇల్లు ఎలాంటిదో అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

యాప్ మొత్తానికి లాక్‌డౌన్‌లో పూర్తయింది. స్టోర్‌లో పెట్టకముందు పరీక్షకి యాప్ పంపే ఆపిల్ టెస్ట్‌ఫ్లైట్ ద్వారా పంపాను. కొడుకు సంతోషించాడు. అక్కడ రాత్రి భోజనం చేస్తూ, ఇక్కడ పొద్దున మేత లెక్క చూసుకునేవాడు. టెస్ట్‌ఫ్లైట్‌లో పెట్టిన బిల్డ్, అంటే తయారైన యాప్ కాపీ, 90 రోజులకి చచ్చిపోతుంది. ఈలోగా కొత్తది పంపుతూ ఉండాలి. దాన్ని స్టోర్‌లో పెడదాం పెడదాం అనుకుంటూనే నాలుగైదుసార్లు అలాగే నెట్టుకొచ్చాను. బద్ధకం నాదే.

2021 ఎండాకాలం. గడువు ఇంకో రెండు రోజులుందనగా, కొత్త బిల్డ్ పంపుదామని కూర్చుని, మూలన వచ్చిన అప్‌డేట్ సూచన మీద చేయి పడింది. బిగ్ సర్ అనే కొత్త మాక్ ఓఎస్. నా ఓపెన్‌కోర్ పాతది, బిగ్ సర్‌ని లేపే శక్తి దానికి లేదు. అసలు మాక్ ఉన్నవాడికి అప్‌డేట్ అంటే టీ తాగొచ్చేంత పని. నాకు తెర మీద అక్షరాలు నాలుగు వరసలు వచ్చి ఆగిపోయాయి. బ్యాకప్ డిస్కు ఉంది, అది ఇంకా పాతది. రెండు రోజులు గడిచాయి. యాప్ గడువు తీరింది. మూడో రోజు తెల్లవారుజామున మూడింటికి కొడుకు ఫోన్. అతనికి అది సాయంత్రం.

“యాప్ తెరుచుకోవడంలేదు బ్రదర్. నాన్నకి చేస్తే ఎత్తడంలేదు. ఏరేటర్లు తిరుగుతున్నాయా?”

పెద్దాయన ఆండ్రాయిడ్ యాప్ బాగానే ఉంది, గుంట దగ్గర కుర్రాడు మెలకువగానే ఉన్నాడు, ఏ రొయ్యా చావలేదు. కుర్రాడికి ఫోన్ చేసి కనుక్కుని కొడుక్కి అదే చెప్పాను. కొడుకు ఊపిరి పీల్చుకుని చాలా మర్యాదగా అడిగాడు: “మరి మన యాప్‌కి ఏమైంది?”

ఇక్కడే నేను ఇరుక్కున్నాను. కంప్యూటర్ పాడైంది అంటే, షోరూమ్‌లో ఇచ్చి ఇంకో మాక్ మీద చెయ్యొచ్చు గదా అంటాడు, ఐటీలో పనిచేసేవాడు. ఆపిల్ సర్వర్ల తప్పు అందామంటే అది అబద్ధం. ‘నా దగ్గర మాక్ లేదండీ, ఏడాదికి పైగా మీ పేరు మీద ఉన్న ఖాతాని ఒక దొంగ మాక్ మీద వాడుతున్నాను’ అనడానికి నోరు రాలేదు. “చిన్న అప్‌డేట్ ప్రాబ్లమ్, రేపటికి అయిపోతుంది” అన్నాను. ఇంకో నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ రోజుకో కారణం చెప్పాను.

నేను తమ్ముడికి చెప్పలేకపోయింది ఇదే. హ్యాకింటాష్ ఆగిపోతుందని కాదు. అసలు మాక్ కూడా ఆగిపోతుంది. కరెంటు పోయింది, హార్డ్ డిస్కు కాలింది, జ్వరం వచ్చింది అంటే అవతలివాడు అర్థం చేసుకుంటాడు, నాలుగు రోజులు ఆగుతాడు. హ్యాకింటాష్ ఆగితే కారణం చెప్పలేవు. డబ్బా ఒక్క అబద్ధమే ఆడేది, తాను ఐమాక్‌నని. దాన్ని నిలబెట్టడానికి మిగతావన్నీ నేను ఆడాల్సి వచ్చింది. నీ సరదాకి, నీ సొంత యాప్‌కి, నీ గదిలో ఎక్కించుకున్నావా, దాని గురించి నాకు పెద్ద అభ్యంతరం లేదు. బెంగళూరు వాడితో ఇప్పటికీ ఆ గొడవలో నేను నీవైపే. ఇంకొకరి డబ్బు, ఇంకొకరి ఖాతా, ఇంకొకరి గుంటలు దాని మీద ఆధారపడిన రోజు మాత్రం అది నీ గది విషయం కాదు.

ఆ నెలే మా వీధిలో వేస్తున్న చీటీ పాడాను. కాస్త ఎక్కువకే పాడాల్సి వచ్చింది, రెండు నెలలు మా ఆవిడ మాట్లాడలేదు. ఎం1 మాక్ మినీ అప్పట్లో 64,900. తెచ్చిన రోజే ఆ కొడుక్కి మెసేజ్ పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. చాలాసేపటికి జవాబొచ్చింది: “సర్టిఫికెట్ రద్దు చేసి కొత్తది తీస్తున్నా. పని కంటిన్యూ చెయ్.” తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తమ్ముడి విషయానికి వస్తే, వాడికి నేను గడిపిన ఆ రాత్రులు కూడా దొరకవు. ఆపిల్ 2020లో ఇంటెల్‌ని వదిలి తన సొంత చిప్‌లకి మారడం మొదలుపెట్టింది. 2025 జూన్‌లో, టాహో వెర్షన్ తర్వాత వచ్చే మాక్ ఓఎస్ ఇంటెల్ మీద నడవదని చెప్పేసింది. యాప్ స్టోర్ ఏమో ఏటా కొత్త ఎక్స్‌కోడ్‌తో తయారుచేసినవే తీసుకుంటానంటుంది, కొత్త ఎక్స్‌కోడ్ కొత్త మాక్ ఓఎస్ అడుగుతుంది. వాడి ఇంటెల్ ల్యాప్‌టాప్‌కి ఆ గొలుసు ఇంకొన్నాళ్లలో తెగిపోతుంది. అందులోనూ ల్యాప్‌టాప్, వైఫై కార్డు దగ్గరే సగం జీవితం పోతుంది.

“అయితే నేను ఐఫోన్ యాప్ రాయకూడదా?” అన్నాడు రెండోసారి ఫోన్ చేసినప్పుడు. రాయొచ్చు. ఫ్లటర్ నేర్చుకో, ఉన్న ల్యాప్‌టాప్ మీదే, ఆండ్రాయిడ్ ఫోన్‌లో చూసుకుంటూ. ఐఫోన్ బిల్డ్ అవసరమైన రోజు ఇంటర్నెట్‌లో ఉండే గిట్‌హబ్ యాక్షన్స్‌లోనో కోడ్‌మ్యాజిక్‌లోనో వాళ్ల అసలైన మాక్‌ల మీద చేయించుకో. పబ్లిక్‌గా పెట్టిన ప్రాజెక్టుకి గిట్‌హబ్ డబ్బు అడగదు. అమెజాన్ కూడా మాక్‌లు అద్దెకిస్తుంది గానీ అటు పోవద్దు. ఆపిల్ లైసెన్సు ప్రకారం ఒకసారి తీసుకుంటే కనీసం 24 గంటలకి కట్టాలి, గంట పనికి రోజు కూలి. లేదా మీ క్లాసులో నలుగురు కలవండి. ఎం4 మాక్ మినీ 2024లో 59,900కి వచ్చింది, చదువుకునేవాళ్లకి 49,900. నలుగురికి పంచితే మనిషికి పన్నెండున్నర వేలు. వరి కోత మిషన్ నలుగురు కలిసి మాట్లాడుకోవడం లేదా? “ఎవరి రూములో పెట్టాలన్నా?” అన్నాడు వెంటనే. దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. నలుగురి మాక్ ఒక రూములో ఉంటే ఆ రూములోవాడిదే అవుతుంది, నాకూ తెలుసు. లాట్లు వేసుకోండి అన్నాను.

బొట్టు కంప్యూటర్ ఇప్పుడు విడవలూరులో ఉంది. పెద్దాయన గుంటల దగ్గర షెడ్డులో, విండోస్ ఎక్కించి, సీసీ కెమెరాలు చూడ్డానికి పెట్టాను. అదే నేను ఆయనకి ఇచ్చుకోగలిగిన వడ్డీ. ఆ తొందర్లో ఓపెన్‌కోర్ తీసేయడం మర్చిపోయాను, ఇంకా మాక్ డిస్కు కూడా లోపలే ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఐదు సెకన్లు డిస్కుల బొమ్మలు రెండు చూపిస్తుంది, ఆ తర్వాత తనంతట తానే విండోస్‌లోకి వెళ్లిపోతుంది. మొన్న కెమెరా తీగ మార్చడానికి వెళ్తే గుంట దగ్గర కుర్రాడు చెప్పాడు, ఒక రాత్రి కీబోర్డు మీద చేయి పడి పక్క బొమ్మలోకి పోయిందంట. తెల్ల ఆపిల్ బొమ్మ వచ్చి, కెమెరాలన్నీ పోయి, ఏవో కొండలు కనపడ్డాయంట.

“భయమేసి ప్లగ్గు పీకేశా సార్” అన్నాడు.